అమ్మ, అమ్మమ్మ మాట్లాడుకోవడం లేదు

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 42 ఏళ్లు. అమ్మకు 63, అమ్మమ్మకు 82. ఇద్దరూ మెట్‌పల్లి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. మా పాపకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. అమ్మమ్మ "పోనియ్ బిడ్డా, సదువుకోనియ్" అన్నది. అంతే, అమ్మ భగ్గుమంది. "నన్నేమో ఏడో తరగతిల మాన్పించి బీడీల చాట ముందట కూసోబెట్టినవ్. దీన్ని మాత్రం హాస్టల్ల ఉంచుమంటవా?" అంది. పది రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. పాప "నా వల్లే కదా, సీటు వదిలేస్తా" అంటోంది. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: సీటు వదలనివ్వకండి. ఈ మాట పాపకు ఇవాళే చెప్పండి. అమ్మగారు ఒప్పుకుంటేనే చదువు అని ముడిపెడితే, యాభై ఏళ్ల కిందటి బాకీని ఈ పిల్ల తీర్చినట్టవుతుంది.

అమ్మగారి మాట మళ్లీ ఒకసారి తలుచుకోండి. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి దారం కట్టే పన్నెండేళ్ల పిల్ల అందులో కనిపిస్తుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో తల్లి చాట పక్కనే బిడ్డ చాట ఉండేది. తోటి పిల్లలు బడి సంచితో పోతుంటే వేళ్లు ఆపకుండా చూసిన మనిషి, అదే తల్లి నోట "సదువుకోనియ్" అని వింటే ఎట్లా ఉంటుంది? మనవరాలి మీద అసూయ అనుకోకండి. "నాకెందుకు అనలేదు" అని లోపల ఏడుస్తున్నారు.

అమ్మమ్మగారికి అప్పుడు ఏ దారి ఉందో ఆమెకే తెలుసు. కానీ ఇప్పుడు కారణాలు చెప్పబోతే అమ్మగారికి అవి సాకుల్లా వినపడతాయి. అమ్మమ్మను విడిగా కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: "అమ్మ బాధ నీకు తెలుసని ఒక్కసారి ఆమెకు చెప్తవా?" క్షమాపణ అని పేరు పెట్టకండి. మీ ముందే చెప్పాలని పట్టుబట్టకండి.

మీరు ఇటు మాట అటు మోయడం మానేయండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీ అసలే వద్దు. చేతులకు పని ఉంటే నోరు తేలిగ్గా పెగులుతుంది. బతుకమ్మ వస్తోంది కదా. ఎంగిలిపూల నాడు గుమ్మడాకులు పరిచిన తాంబాలం ఇద్దరి మధ్యా పెట్టండి. గునుగు కాడలు కత్తిరించే పని అమ్మమ్మకు, తంగేడు పేర్చే పని అమ్మకు ఇచ్చి మీరు వంటింట్లోకి వెళ్లిపోండి. ఆ రోజు ఒక్క మాటా దొర్లకపోవచ్చు. ఫర్వాలేదు, సాయంత్రం ముగ్గురూ కలిసి వేయి స్తంభాల గుడికి వెళ్లండి. తొమ్మిది రోజులు ఉన్నాయి. సద్దులకు పాప కూడా హాస్టల్ నుంచి వస్తుంది.

అమ్మగారికి తిండి, నిద్ర తగ్గి రెండు వారాలు దాటితే మొండితనం అనుకోకుండా డాక్టర్‌కు చూపించండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ నిద్ర గురించి కూడా చెప్పుకోండి.

ఇంకో సంగతి, అమ్మగారు కాస్త తేరుకున్నాక. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి రాయడానికి గరిష్ఠ వయసు లేదు. వెంటనే ఫారం తెచ్చి ముందు పెట్టకండి. "అమ్మా, బడిల నీకు ఏ పాఠం ఇష్టముండె?" అని అడిగి, ఎంతసేపు చెప్తే అంతసేపు పక్కన కూర్చొని వినండి.