మూడు నెలల ప్రయాణం: టికెట్లు కొనే ముందు తేదీలు మార్చుకోండి

ప్రశ్న: చెన్నై షోలింగనల్లూరులో ఉంటున్నాం. నా వయసు 32, నా శ్రీమతికి 30. కంపెనీ పీఎఫ్ వాటా కాకుండా నా జీతం ఏడాదికి 17 లక్షలు, ఆమెది 11.4 లక్షలు. ఇద్దరం వీపున బ్యాగు వేసుకుని పెనాంగ్, లంకావి, కో లిపె, కో లంతా, క్రాబి, బ్యాంకాక్, డా నాంగ్, హోయ్ ఆన్, న్యా ట్రాంగ్ మీదుగా హో చి మిన్ సిటీ దాకా 80 రోజులు తిరిగి రావాలనుకుంటున్నాం. వచ్చే ఏడాది ఫిబ్రవరి 15 నుంచి మే 15 వరకు నాకు జీతం లేని సెలవు ఇస్తామన్నారు. ఆమె ఫిబ్రవరి 12న రాజీనామా చేసి, వచ్చాక వేరే ఉద్యోగం చూసుకుంటుంది. రోజుకు 4,500, విమానాలకు 80,000 లెక్కన 4.4 లక్షలు చాలనుకుంటున్నాం. ఆమె పేరున 7 లక్షల ఎఫ్‌డీ, సేవింగ్స్ ఖాతాలో 1.8 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 9 లక్షలు ఉన్నాయి. నెలకు ఇంటి ఖర్చు 1.35 లక్షలు, సిప్‌లు 25,000, మిగులు 40,000. ఎఫ్‌డీ కదపకుండా 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: లోన్ వద్దు. 14 శాతం వడ్డీకి రెండేళ్ళకు తీసుకుంటే 3 లక్షల మీద కట్టే వడ్డీయే దాదాపు 46,000. పైగా నెలకు 14,400 ఈఎంఐ సరిగ్గా మీ ఇద్దరికీ జీతం రాని నెలల్లో మొదలవుతుంది. 7 శాతం తెచ్చే ఎఫ్‌డీని దాచుకుని 14 శాతం అప్పు చేయడం ఎటు చూసినా నష్టమే. అయితే లోన్ కంటే ముందు మాట్లాడుకోవాల్సింది తేదీల గురించి.

ఫిబ్రవరి 15 నుంచి మే 15 అంటే మీ సెలవు రెండు ఆర్థిక సంవత్సరాల మధ్య సగం సగం పడుతుంది. ఒక్కో ఏడాదీ మీ జీతం 14,87,500 అవుతుంది. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 14,12,500 మీద సెస్సుతో కలిపి పన్ను 95,550. రెండేళ్ళకు 1,91,100. అదే సెలవు జనవరి 1 నుంచి మార్చి 31 దాకా తీసుకుంటే ఈ ఆర్థిక సంవత్సరంలో వచ్చే జీతం తొమ్మిది నెలలది, అంటే 12,75,000. డిడక్షన్ పోగా సరిగ్గా 12 లక్షలు. 12 లక్షల వరకు పన్నును మాఫీ చేసే రిబేటు వల్ల పన్ను సున్నా. మరుసటి ఏడాది పూర్తి జీతం మీద 1,30,000 కడతారు. సెలవు రోజులు అవే, పోయే జీతం అంతే. తేదీ మార్చినందుకు మిగిలేది 61,100.

12 లక్షల గీత దాటితే ఏమవుతుందో కూడా తెలియాలి. మార్చి 16కే తిరిగొచ్చి, మిగిలిన సగం నెల ఆఫీసుకు వెళ్దామనుకున్నారనుకోండి. అదనంగా వచ్చే జీతం 70,833. దాని వల్ల పడే పన్ను 70,625, సెస్సుతో 73,450. పని చేసి ఎదురు డబ్బు కట్టినట్టవుతుంది. అందుకే ప్రయాణం ముందే ముగిసినా సెలవు మార్చి 31 వరకు ఉంచుకోండి. ఎఫ్‌డీ మీ శ్రీమతి పేరున ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. అది ఆమె సొంత సంపాదనే అయితే ఆ వడ్డీ ఆమె ఆదాయంలోకే వెళ్తుంది, అయినా ఆమెకు పన్ను పడదు. మీ పేరున సేవింగ్స్ వడ్డీ, బోనస్, సెలవుల నగదు లాంటివి ఏవి వచ్చినా ఆ గీత దాటిస్తాయి. వాటిని ముందే లెక్కగట్టి, అంతకు సరిపడా రోజులు ఎక్కువ సెలవు పెట్టుకోండి.

సెలవు మంజూరు కాగితం చేతికి రాగానే పేరోల్ వాళ్ళకు మెయిల్ పెట్టి, ఏడాది అంచనా జీతం 12.75 లక్షలకు తగ్గించమని అడగండి. ఇప్పుడు జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను, అంటే టీడీఎస్, నెలకు 10,833 చొప్పున కోస్తూ ఉంటారు. జూన్ నుంచి డిసెంబర్ దాకా అది ఆగితే దాదాపు 76,000 ప్రయాణానికి ముందే చేతిలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కోసింది రిటర్న్ వేశాక వెనక్కి వస్తుంది.

తేదీలకు సముద్రంతో కూడా సంబంధం ఉంది. లంకావి, లిపె, లంతా, క్రాబి అన్నీ అండమాన్ సముద్రం వైపున్నవి. మే నెలలో అక్కడ నైరుతి గాలులు మొదలవుతాయి, కొన్ని పడవ సర్వీసులు ఆగిపోతాయి. లంకావి నుంచి లిపెకు నేరుగా వెళ్ళే ఫెర్రీ కూడా సీజన్‌లోనే నడుస్తుంది. ఏప్రిల్ మధ్యలో థాయ్‌లాండ్‌లో సోంగ్‌క్రాన్ రద్దీ. జనవరి 4న బయలుదేరితే మలేషియాలో 14 రోజులు, థాయ్‌లాండ్‌లో 28, వియత్నాంలో 30, మొత్తం 72 రోజులకు మార్చి 16న ఇంట్లో ఉంటారు. 2027లో వియత్నాం కొత్త సంవత్సరం టెట్ ఫిబ్రవరి 6న. ఆ వారంలో రైళ్ళు నిండిపోతాయి, గదుల ధరలు పెరుగుతాయి, చిన్న హోటళ్ళు మూసేస్తారు. మీరు ఫిబ్రవరి 15న దిగేసరికి అదంతా సద్దుమణుగుతుంది.

ఇప్పుడు మీ శ్రీమతి రాజీనామా సంగతి. ఆమె ఈ కంపెనీలో చేరిన తేదీ మీరు రాయలేదు. అది 2022 ఫిబ్రవరి రెండో సగంలోనో, మార్చిలోనో అయితే, ఐదేళ్ళు నిండటానికి కొద్ది రోజుల ముందు రాజీనామా చేస్తున్నారన్నమాట. ఐదేళ్ళు పని చేసి మానేసేవాళ్ళకు కంపెనీ గ్రాట్యుటీ ఇవ్వాలి. మూల వేతనం 42,000 అనుకుంటే ఐదేళ్ళ గ్రాట్యుటీ 42,000 × 15 ÷ 26 × 5, అంటే 1,21,154. దాన్ని వదులుకోకండి. నాలుగేళ్ళ 240 రోజుల సర్వీసు చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది గానీ చాలా కంపెనీలు ఐదేళ్ళు నిండాల్సిందేనంటాయి. వాళ్ళతో వాదులాట పెట్టుకునే కంటే ఆమె కూడా మార్చి 31 దాకా జీతం లేని సెలవు అడగడం మేలు. ఇస్తే ఐదేళ్ళూ నిండుతాయి. ఏప్రిల్‌లో వచ్చి రాజీనామా ఇచ్చి, నోటీసు కాలంలో జీతం తీసుకుంటూనే కొత్త ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఇవ్వకపోతే, రాజీనామా పంపే ముందే గ్రాట్యుటీ గురించి హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. పీఎఫ్ మాత్రం తీయొద్దు; ఐదేళ్ళ లోపు తీస్తే పన్ను పడుతుంది, కొత్త కంపెనీకి అదే యూఏఎన్ (పీఎఫ్ శాశ్వత నంబరు) మీద బదిలీ చేసుకోవచ్చు.

మీ 4.4 లక్షల లెక్కలో ప్రయాణం ఒక్కటే ఉంది. ఖర్చు మూడు చోట్ల ఉంటుంది.

మొదటిది ప్రయాణం. నగరాల్లో, తీరపు ఊళ్ళలో ఫ్యాన్ గదులు, వీధి భోజనం, బస్సులతో ఇద్దరికీ రోజుకు 5,000 పెట్టుకోండి. దీవుల్లో 7,500. లిపె లాంటి చిన్న దీవికి మంచినీళ్ళ బాటిల్ కూడా పడవలోనే రావాలి, పైగా జనవరి అక్కడ రద్దీ కాలం. మీరు అనుకున్న 80 రోజుల్లో దీవులు 26 రోజులైతే 54 రోజులకు 2.7 లక్షలు, 26 రోజులకు 1.95 లక్షలు. విమానాలకు 85,000, వీసాలు, ఫెర్రీలు, రైళ్ళు, ఇన్సూరెన్స్ కలిపి 75,000, పదో వంతు చేతి ఖర్చుగా 60,000. మొత్తం 6.85 లక్షలు. రాత్రి రైలు ఎక్కిన రోజు గది డబ్బు మిగులుతుందని చాలామంది లెక్కేస్తారు గానీ, ఊరు మారే రోజే ఖర్చు ఎక్కువ: స్టేషన్‌కు ఆటో, జెట్టీకి వ్యాను, ఆకలికి అక్కడ దొరికిందేదో తినడం. ఒక్కో చోట కనీసం నాలుగు రాత్రులుంటే ఈ లెక్క నిలబడుతుంది.

రెండోది మీరు లేకపోయినా ఇల్లు అడిగే డబ్బు. అద్దె, ఈఎంఐలు, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపేది లాంటి ఆగని ఖర్చులు మీ 1.35 లక్షల్లో సగానికి కాస్త పైనే ఉంటాయనుకుంటే మూడు నెలలకు 2.2 లక్షలు. అద్దె మిగుల్చుకోవడానికి ఇల్లు ఖాళీ చేద్దామని అనిపిస్తుంది. 24,000 అద్దె ఇల్లే అనుకోండి: మూడు నెలలకు మిగిలేది 72,000. ఖాళీ చేస్తే అడ్వాన్సులో పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోత, మళ్ళీ ఇంటికి బ్రోకర్‌కు ఒక నెల, సామాను రెండుసార్లు తరలించడానికి 25,000. మొత్తం 73,000. మూడు నెలలకైతే ఖాళీ చేయొద్దు. ఆరు నెలలైతే లెక్క తిరగబడుతుంది.

మూడోది తిరిగొచ్చాక. ఏప్రిల్ జీతం నెలాఖరుకు గానీ రాదు, అప్పటిదాకా 1.35 లక్షలు కావాలి. ఆమెకు ఉద్యోగం దొరికేదాకా మీ ఒక్కరి జీతం మీద నాలుగు నెలల లోటు 65,000. కలిపి 2 లక్షలు. వీటికి తోడు ఎవరూ ముట్టని అత్యవసర నిధి 3 లక్షలు.

అన్నీ కలిపితే 14.05 లక్షలు. ఎఫ్‌డీ, సేవింగ్స్, డిసెంబర్ దాకా ఏడు నెలల మిగులు 2.8 లక్షలు కలిపి మీ దగ్గర ఉండేది 11.6. లోటు 2.45 లక్షలు. టీడీఎస్ ఆపిస్తే 76,000 తగ్గుతుంది. దీవుల్లో ఎనిమిది రోజులు తగ్గిస్తే 60,000 తగ్గుతుంది. పైన 72 రోజులని రాసింది అందుకే. మిగిలిన 1.09 లక్షల మేర అత్యవసర నిధి కొన్నాళ్ళు తక్కువగా ఉంటుంది, గ్రాట్యుటీ రాగానే నిండుతుంది. వెనుక 9 లక్షల ఫండ్లున్నాయి కనుక ఇది భరించగల లోటే. గ్రాట్యుటీ రాదని తేలితే ఇంకో ఐదారు రోజులు కోయండి, ఫండ్లు అమ్మొద్దు.

సిప్‌లు జనవరి నుంచి మార్చి వరకు ఆపాలి. ఖాతాలో డబ్బు లేక వాటంతటవే ఆగుతాయిలే అని వదిలేయకండి. వాయిదా బౌన్స్ అయిన ప్రతిసారీ బ్యాంకు చార్జీ వేస్తుంది, వరుసగా మూడు నెలలు బౌన్స్ అయితే సిప్ రద్దవుతుంది. ‘పాజ్’ అభ్యర్థన నవంబర్ చివర్లోనే పెట్టండి. ఎఫ్‌డీ ఒకే ముక్కగా ఉంటే డిసెంబర్‌లో పగలగొట్టి, కావాల్సింది తీసుకుని మిగతాది చిన్న ఎఫ్‌డీలుగా వేయండి.

విదేశాల్లో డబ్బు ఎలా వాడతారన్నదాని మీద కూడా ఇరవై వేల దాకా తేడా వస్తుంది. మామూలు క్రెడిట్ కార్డు విదేశీ కరెన్సీలో గీకితే బ్యాంకు వేసే అదనపు చార్జీ (మార్కప్) 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం. 3 లక్షలు గీకితే 12,390 అదనం. మార్కప్ లేని కార్డు ఒకటి ఇప్పుడే తీసుకోండి. థాయ్ బాట్, మలేషియా రింగిట్ ఫారెక్స్ కార్డులో వేసుకోవచ్చు. వియత్నాం డాంగ్ చాలా కార్డుల్లో ఉండదు, అక్కడ కార్డు డాలర్ నుంచి మార్చి మళ్ళీ చార్జీ వేస్తుంది. వియత్నాంకు మడతలు, మరకలు లేని వంద డాలర్ల నోట్లు కొన్ని పట్టుకెళ్ళి బ్యాంకులో మార్చుకోండి. నోట్ల రూపంలో ఒక్కొక్కరికి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు అనుమతి ఉంది. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాట్ లేదా అంతకు మించి తీసుకుంటాయి. 2,000 బాట్ తీస్తే అది 11 శాతం, 20,000 తీస్తే 1.1 శాతం. యంత్రం ‘రూపాయల్లో కట్టాలా, బాట్‌లోనా’ అని అడిగితే ప్రతిసారీ స్థానిక కరెన్సీనే నొక్కండి. రూపాయి నొక్కితే మారకపు రేటు వాళ్ళిష్టం. క్రెడిట్ కార్డుతో నగదు మాత్రం తీయొద్దు, మొదటి రోజు నుంచే వడ్డీ. ఓటీపీలకు ఇండియన్ సిమ్ బతికి ఉండాలి, రీఛార్జ్ గడువు మార్చి చివరిదాకా వేయించండి. విదేశీ ఖర్చు మీద ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్ గురించి దిగులొద్దు: ఏడాదికి ఒక్కొక్కరికి 10 లక్షల వరకు ఫారెక్స్ మీద అది లేదు. టికెట్టు, హోటల్ కలిపి ఏజెంట్ దగ్గర ప్యాకేజీ కొంటే మాత్రం మొదటి రూపాయి నుంచే వేస్తారు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ బయలుదేరక ముందే, మొత్తం రోజులకు కొనాలి. ఏడాది పాలసీల్లో ఒక్కో ప్రయాణానికి రోజుల పరిమితి ఉంటుంది, అది చూడకుండా కొనొద్దు. దీవుల్లో స్కూటీ అద్దెకు తీసుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక: ఆర్టీవో ఇచ్చే 1,000 రూపాయల ఇంటర్నేషనల్ పర్మిట్, అందులో మోటార్‌సైకిల్ తరగతి ఉంటే, థాయ్‌లాండ్‌లో చెల్లుతుంది. వియత్నాంలో మన పర్మిట్ చెల్లదు. అక్కడ బండి నడిపి పడితే ఆస్పత్రి బిల్లు ఇన్సూరెన్స్ ఇవ్వదు. ఆ ఒక్క బిల్లు ఈ లెక్కనంతా తలకిందులు చేయగలదు. వియత్నాంలో బండి వెనక కూర్చోండి, నడపొద్దు. ఇక్కడి ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ జీతం లేని సెలవులో కొనసాగుతుందో లేదో హెచ్ఆర్‌ని అడిగి, ఎలాగూ ఇద్దరికీ కలిపి సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ హెల్త్ పాలసీ నవంబర్‌లోగా తీసుకోండి. మొదటి 30 రోజుల వెయిటింగ్ అప్పుడే గడిచిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

విమానం టికెట్లు కొనే రోజున వీసాలు మరోసారి చూసుకోండి. మలేషియా 30 రోజుల వీసా మినహాయింపును 2026 డిసెంబర్ 31 వరకే ప్రకటించింది, మీరు జనవరిలో వెళ్తున్నారు. థాయ్‌లాండ్ వీసా లేకుండా ఇచ్చే రోజులను మారుస్తూ ఉంటుంది, 28 రోజులకే పరిమితం చేసింది అందుకే. వియత్నాం ఈ-వీసా 90 రోజులకు ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, సొంతంగా ప్రభుత్వ సైట్‌లోనే కట్టండి. విమానం కౌంటర్లలో ముందుకు వెళ్ళే టికెట్ చూపించమని అడగొచ్చు కాబట్టి బ్యాంకాక్ నుంచి వియత్నాం విమానాన్ని ముందే కొని ఉంచుకోండి.