మెయిన్ క్యాపులు బిగించగానే క్రాంకు పట్టేస్తే

నమస్కారమండి. విజయనగరంలో లేతు పనివారి చేత ఇంజను క్రాంకు షాఫ్టును (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసును) 0.25 మిల్లీమీటర్ల మేరకు గ్రైండింగు చేయించి, కొత్త బేరింగులు వేసి, వాటిని పట్టి ఉంచే మెయిన్ క్యాపులు బిగించగానే అది చేతికి తిరగడం లేదని రాశారు. దయచేసి రాడ్డు పెట్టి బలవంతంగా తిప్పకండి.

క్యాపులన్నీ విప్పి, ముందుగా షెల్లుల (బేరింగు సగం ముక్కల) వీపుపై ఉన్న సైజు గుర్తును చూడండి, 0.25 బదులు 0.50 వచ్చి ఉంటే మందం ఎక్కువై క్రాంకు పట్టేస్తుంది. నూనె రంధ్రం ఉన్న షెల్లు ఇంజను బ్లాకు వైపే ఉండి, దాని రంధ్రమూ బ్లాకు రంధ్రమూ సరిగ్గా కలవాలి. అయితే నాకు ఎక్కువ అనుమానం షెల్లు వెనుక చేరే మురికి మీదే. మన షెడ్లలో పాత గుడ్డతో తుడవడం అలవాటు కానీ, షాఫ్టుకూ షెల్లుకూ మధ్య ఉండవలసిన సందు మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులే కనుక, చిన్న ఇనుప రజను చిక్కినా షెల్లు లోపలికి ఉబ్బి ఆ సందును మూసివేస్తుంది. అందుచేత షెల్లు వీపూ, అది కూర్చునే చోటూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. నూనె లోపలి ముఖానికే పూయాలి.

క్యాపుల అంకెలూ, బాణం గుర్తులూ సరిచూసి, మధ్య క్యాపుతో మొదలుపెట్టి, మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) విడతలుగా ఒక్కొక్కటీ బిగిస్తూ, ప్రతిసారీ క్రాంకును తిప్పి చూడండి. ఎక్కడ పట్టేస్తుందో లోపం అక్కడే ఉంటుంది.