చినుకులు పడుతుంటే కెమెరా డ్రోన్ ఎగరేయవచ్చా?

ఎగరేయకూడదు; సన్నని తుంపర మొదలైనా సరే, మామూలు కెమెరా డ్రోన్‌ను వెంటనే వెనక్కి రప్పించి దించేయాలి. డీజేఐ కంపెనీ మినీ, ఎయిర్, మావిక్ లాంటి వాటికి నీటిని తట్టుకుంటాయని చెప్పే ఐపీ రేటింగ్ లేదు. లోపలి సర్క్యూట్ బోర్డు వేడెక్కకుండా బాడీకి గాలి రంధ్రాలు ఉంటాయి. ప్రొపెల్లర్లు తోసే గాలితోపాటు తడి కూడా వాటి గుండా లోపలికి చేరుతుంది. మోటార్ల వేగాన్ని నియంత్రించే సర్క్యూట్ షార్ట్ అయితే ఒక మోటారు ఆగిపోవచ్చు. నాలుగు మోటార్ల మామూలు డ్రోన్‌కు ఒకటి ఆగితే దాదాపు కూలడమే.

జులైలో హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిని షూట్ చేస్తున్నారనుకోండి. చినుకు పడగానే ముందు లెన్స్ మసకబారుతుంది. కింద ఎంత ఎత్తు ఉందో, ఎక్కడ ఉందో చూసే అడుగు సెన్సర్లు కదిలే నీటి మీద మామూలుగానే తడబడతాయి, తడిస్తే ఇంకా నమ్మలేం. అందుకే చెరువు మీద కిందికి దించకుండా, అదే ఎత్తులో ఒడ్డు మీదికి తెచ్చి దించాలి.

"మొన్న తడిసింది, అయినా బాగానే ఎగిరింది" అన్నదే చాలామంది పడే పొరపాటు. డ్రోన్‌లో ఉండే బ్రష్‌లెస్ మోటార్లు కాస్త తడిని తట్టుకుంటాయి, నిజమే. కానీ కాంటాక్టులకు, బేరింగులకు పట్టే తుప్పు ఆ రోజు కనిపించదు, తర్వాత ఎప్పుడో గాల్లో బయటపడుతుంది. డీజేఐ మాట్రిస్ 30కి దుమ్మును, నీటి జల్లును తట్టుకునే ఐపీ55 రేటింగ్ ఉంది గానీ అది వృత్తి పనులకు చేసిన డ్రోన్. తడిసిన డ్రోన్ పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయకండి. బ్యాటరీ తీసి, తుడిచి, గాలి తగిలే చోట పూర్తిగా ఆరనివ్వండి.