చిట్టీ, బూట్లు విప్పకు

చిట్టీ,

మొన్న రాత్రి పదకొండింటికి మీ అమ్మ ఫోన్ చేసింది. "వదినా, ఇది డిసెంబర్ సెలవుల్లో టాంజానియాలో నేట్రాన్ సరస్సుకి పోతుందట. ఆ నీళ్ళు తగిలితే పక్షులు రాళ్ళైపోతాయట కదా!" అని ఒకటే ఏడుపు. ఎవరో పంపిన ఫొటోలు చూసిందిలే. తగిలినంత మాత్రాన రాళ్ళైపోవు, చచ్చి నీళ్ళలో పడిన పక్షులే సోడా పట్టి అలా గట్టిపడతాయి అని నచ్చజెప్పి పడుకోమన్నాను. ఆ తర్వాత నాకు నిద్ర పడితేగా! నా మేనకోడలు నైరోబీలో ఉద్యోగం చేస్తూ నేట్రాన్ దాకా పోతోందని మురిపెం. నా కాళ్ళు చూసుకుంటే దడ.

ముందు మామూలు సంగతులు. ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకో. నమాంగా సరిహద్దులో అడుగుతారు. మేం అప్పట్లో ఉన్న అరుషా మీదుగా పోతే ఎంటో వా ఎంబు అనే ఊరు తగులుతుంది. దోమల ఏరు అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు అబద్ధమాడలేదు, కాబట్టి మలేరియా మాత్రలు మానకు. అక్కణ్ణించి దారంతా రాళ్ళూ దుమ్మూ. ఫోర్ వీల్ బండి, రెండు స్పేర్ టైర్లు ఉండాల్సిందే. అదంతా వన్యప్రాణుల రక్షిత ప్రాంతం. దారిలో గేట్ల దగ్గర డబ్బు కట్టమంటారు. షిల్లింగులు చేతిలో ఉంచుకో, రసీదు తీసుకో, వాదనకి దిగకు. నిన్ను "మామా" అని పిలుస్తారు. అక్కడ ఆడవాళ్ళని గౌరవంగా పిలిచే పిలుపది, నవ్వకు. నేను మొదటిసారి విని మావయ్య వైపు చూశాను, ఆయన్ని పిలుస్తున్నారేమోనని.

సరస్సు పక్కనే ఓల్ డొయిన్యో లెంగాయ్ అనే అగ్నిపర్వతం ఉంటుంది, అక్కడి మాసాయి తెగవాళ్ళకి దేవుడి కొండ. అర్ధరాత్రి ఎక్కడం మొదలుపెట్టి తెల్లారేసరికి పైకి చేరాలని నీ ఫ్రెండ్స్ సరదా పడతారు. 2007 జులైలో భూమి కంపించి అరుషాలో మా వంటింటి గిన్నెలు గలగలలాడాయి. సెప్టెంబర్లో ఆ కొండ బద్దలై బూడిద కక్కింది. నేనైతే వద్దంటాను. వినకపోతే, కనీసం దిగొచ్చాక చెప్పు మీ అమ్మకి.

ఇక బూట్లు. ఈ ఉత్తరం రాసిందే దీనికోసం. సరస్సు ఒడ్డున ఏం జరిగినా బూట్లు విప్పకు, గైడు ఆగమన్న చోటు దాటకు.

నేను పుట్టి పెరిగింది పులికాట్ ఒడ్డున అని నీకు తెలుసు. అటకానితిప్ప దగ్గర బురదలో దిగి ఆడుకున్నదాన్ని. బురద చెప్పుల్ని లాగేస్తుంది, అందుకని ముందే విప్పి చేత్తో పట్టుకోవడం మాకు అలవాటు. చలికాలంలో ఫ్లెమింగోలు బారులు తీరి మేసేవి. ఎంత చూసినా వాటి పిల్ల మాత్రం ఒక్కటీ కనిపించేది కాదు. మన దగ్గరికి అవి మేతకే వస్తాయి, గూళ్ళు వేరే చోట. "మరి పిల్లలెక్కడ నాన్నా?" అని మీ తాతని విసిగించేదాన్ని.

1996లో నేట్రాన్ వెళ్ళింది ఆ పిల్లల కోసమే. ఫ్లెమింగోల్లో లెస్సర్ ఫ్లెమింగో అని ఒక చిన్న జాతి ఉంది, లోకంలోని ఆ జాతి పక్షుల్లో నూటికి డెబ్బై ఐదు అక్కడే పుడతాయంటారు. పొద్దున్నే బండి దూరంగా ఆపి, గంటసేపు నడిచి ఒడ్డుకి చేరాం. తెల్లటి పెచ్చు, అక్కడక్కడా ఎరుపు, పగుళ్ళు. దూరాన గులాబీ రంగు గీత. దాని పక్కన బూడిదరంగు చుక్కలు. అవే పిల్లలనుకున్నాను. మాసాయి గైడు "బాసి, మామా" అన్నాడు. చాలు, ఆగమని. నేను విననట్టు నటించాను. బురద నాకు కొత్తా! చెప్పులు విప్పాను.

ముప్పై అడుగులు పోయానేమో, పెచ్చు విరిగి కుడికాలు మోకాలి దాకా దిగిపోయింది. లోపల నల్లటి బురద, వేడిగా, కుంకుడు రసంలా జారుడుగా. దాన్ని లాగబోతే రెండోదీ దిగింది. మావయ్య పరిగెత్తబోతే గైడు ఆయన చొక్కా పట్టుకుని ఆపాడు. తర్వాత తను నేలమీద పడుకుని చేతికర్ర చాపాడు. నన్ను బోర్లా పడుకోమని సైగ చేశాడు. అలాగే ఈడ్చి బయటపడేశాడు. నొప్పేమీ లేదు చిట్టీ, అదే మోసం. నవ్వాను కూడా.

నీళ్ళు బండిలో ఉన్నాయి. మళ్ళీ గంట నడక. దారిలో బురద తెల్లగా ఎండి పిక్కలకి సిమెంటులా బిగుసుకుంది. మన చాకలి సోడాయే అది, సరస్సంతా. కడిగేసరికి చర్మం ఎర్రగా ఉంది, రాత్రికి బొబ్బలు. అరుషా ఆస్పత్రిలో కట్లు కట్టారు. మూడు వారాలు మావయ్యే వంట చేశారు. ఉప్మాలో ఉప్పు వెయ్యడం మర్చిపోయారు రెండుసార్లు. ఒక్కనాడూ "చెప్పానా" అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాతెప్పుడో చదివాను. 1954లో లెస్లీ బ్రౌన్ అనే పక్షుల శాస్త్రవేత్త ఆ గూళ్ళ దాకా నడవబోయి ప్రాణాల మీదకి తెచ్చుకున్నాడట. కాళ్ళకి వేరే చర్మం అతకాల్సి వచ్చింది. అసలు ఆ పక్షులు సరస్సు నడుమ గూళ్ళు పెట్టేదే నక్కలూ హైనాలూ నడిచి రాలేవని. నక్క నడవని చోట నేనెందుకు నడిచానో!

నువ్వూ నా పోలికే, అదీ నా భయం. చిన్నప్పుడు వద్దన్న బావి గట్టే ఎక్కేదానివి. తాగే నీళ్ళు కాక ఇంకో ఐదు లీటర్లు, కాళ్ళు కడగడానికి, వీపుమీద మోసుకుపో. నవ్వేవాళ్ళని నవ్వనీ.

మావయ్య బైనాక్యులర్స్ కొరియర్ చేస్తున్నాను. ఎడమ కంటివైపు తిప్పేది కాస్త బిగుసుకుంటుంది, ఆయన ఉండగా బాగు చేయించమంటే వాయిదా వేశారు. మెల్లిగా తిప్పితే తిరుగుతుంది. ఆ బూడిదరంగు చుక్కలు కనిపిస్తే, పిల్లలో, ఎండిన మట్టి గూళ్ళో సరిగ్గా చూసి చెప్పు. ముప్పై ఏళ్ళ నుంచి తేలలేదు నాకు. సిగ్నల్ దొరకగానే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా పర్లేదు.

మీ అత్త