కళ్లు తిరిగి పడిన అమ్మాయి రాసుకున్న నోటుబుక్

ప్రశ్న: మేడమ్, మాది మిర్యాలగూడ. అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. టెన్త్ దాకా కబడ్డీ ఆడేది, జిల్లా జట్టులో ఉండేది. ఒక టోర్నమెంట్‌లో బరువు ఎక్కువ ఉంటే తీసేస్తారని రోజంతా తినకుండా ఉండి, మ్యాచ్‌లో కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడే ఆట మాన్పించాం. ఇప్పుడు లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లమంటే వెళ్లనంటోంది. ప్లేయర్ల తిండి గురించి, టీముల గురించి చదువుతుందట. తన జట్టు పిల్లలు ఎప్పుడు ఏం తిన్నారో రాసిన నోటుబుక్ ఒకటి దొరికింది, చూసి భయమేసింది. తెలిసిన కన్సల్టెన్సీ ఆయన స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చేస్తే ఐపీఎల్ టీముల్లో ఉద్యోగాలు, తర్వాత అమెరికాలో ఎమ్మెస్ అంటున్నాడు. స్పోర్ట్స్ మేనేజ్‌మెంటా, స్పోర్ట్స్ న్యూట్రిషనా? నష్టపోకుండా చెప్పండి.

జవాబు: సార్, ఇలాంటి ఉత్తరం నాకు ప్రతి ఏటా ఫలితాల తర్వాత వస్తూనే ఉంటుంది. ఊరు మారుతుంది, ఆట మారుతుంది, చివర్లో "నష్టపోకుండా చెప్పండి" అనే మాట మాత్రం అలాగే ఉంటుంది. డాక్టర్ చదువు కాకపోతే చుట్టాలకు ఏం చెప్పుకోవాలి, ఆటలంటూ తిరిగిన పిల్లకు రేపు చేతిలో ఉద్యోగం ఉంటుందా, డబ్బు కట్టాక కోర్సు పనికిరాకపోతే ఎలా, ఇవీ మీ భయాలు. వీటిలో తప్పేమీ లేదు. మీ అమ్మాయి దారి తప్పలేదని ముందే చెప్పేస్తున్నాను, ఆ ఒక్క విషయంలో మీరు ఈ రాత్రి ప్రశాంతంగా పడుకోవచ్చు.

ముందు ఆ నోటుబుక్ సంగతి. మీకు భయమేసిందన్నారు, నాకు సంతోషమేసింది. పదహారేళ్ల పిల్ల తను పడిపోయిన తర్వాత ఏడుస్తూ కూర్చోకుండా, పక్క పిల్లలు ఏ పూట ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు అని రాసుకుంది. న్యూట్రిషన్ చదివే పీజీ విద్యార్థులకు మొదటి ఏడాది నేర్పేది దాదాపు ఇదే, ఆటగాళ్లను కూర్చోబెట్టి గడిచిన 24 గంటల్లో తిన్నదీ తాగినదీ గుర్తు చేయించి రాయడం. మీ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు, తనకు తానే మొదలుపెట్టింది. దాన్ని తీసి దాచారో, చింపారో మీ ఉత్తరంలో రాయలేదు. దాచి ఉంటే వెంటనే తిరిగి ఇచ్చేయండి.

ఇక స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్. ఈ కోర్సు మీద నాకున్న అనుమానాలన్నీ చెప్తాను, కాస్త ఓపికగా చదవండి. ఐపీఎల్‌లో డబ్బు ఉన్న మాట నిజమే, 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులే 48,390 కోట్లకు పోయాయి. ఆ అంకె బ్రోచర్లో వేసి కోర్సులు అమ్ముతున్నారు. కానీ ఆ డబ్బు బోర్డుకూ ఫ్రాంచైజీలకూ ఆటగాళ్లకూ వెళ్తుంది, ఇరవై రెండేళ్ల కొత్త గ్రాడ్యుయేట్ జీతంలోకి అంతగా రాదు. ఫ్రాంచైజీలో ఏడాది పొడుగునా పనిచేసేవాళ్లు చాలా కొద్దిమంది, మిగతా పని రెండు నెలల సీజన్‌కే. పోనీ టీవీ, డిజిటల్ వైపు వెళ్దామంటే, ఆ హక్కుల కోసం పోటీపడి చెరో వాటా కొన్న రెండు కంపెనీలూ 2024 నవంబరులో కలిసిపోయాయి. ఉద్యోగం అడగడానికి రెండు గుమ్మాలున్న చోట ఒక్కటే మిగిలింది. ఫాంటసీ గేమ్ కంపెనీల్లో డేటా, మార్కెటింగ్ ఉద్యోగాలు చాలా ఉండేవి, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని కేంద్రం చట్టం చేసి ఆపేసింది, టీమిండియా జెర్సీ మీదున్న డ్రీమ్ ఎలెవన్ పేరు రోజుల్లో పోయింది. దాన్ని చూసుకుని కోర్సులో చేరిన పిల్లలు ఇప్పుడు నాకు ఫోన్లు చేస్తున్నారు. మీ కన్సల్టెన్సీ ఆయన ఇవి చెప్పాడా? అడగండి.

రెండేళ్ల కిందట ఒక అబ్బాయి వచ్చాడు, ఓ ప్రైవేటు కాలేజీలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిగ్రీ, మూడేళ్లకు ఫీజులు, హాస్టల్ కలిపి వాళ్ల నాన్న పొలం తాకట్టు పెట్టాడు. ఇంటర్న్‌షిప్ అంటే స్టేడియం గేటు దగ్గర పాసులు చూసి చేతికి బ్యాండు కట్టడం, అదీ భోజనం ప్యాకెట్‌కే. పిల్లవాడు తెలివైనవాడు, కష్టపడేవాడు. తర్వాత మామూలు ఎంబీఏ చేశాడు, ఇప్పుడు షూల కంపెనీ సేల్స్‌లో బాగానే ఉన్నాడు. అదే ఎంబీఏ ముందే చేసి ఉంటే పొలం మిగిలేది. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది, డిగ్రీ స్థాయిలో ఈ కోర్సు వద్దు, నిజంగా ఇష్టముంటే స్టాటిస్టిక్స్, కామర్స్, సైకాలజీ లాంటి గట్టి డిగ్రీ చేసి, పీజీలో ఆటల వైపు రావాలి. ఐఐఎం రోహ్‌తక్ లాంటి చోట కూడా ఇది డిగ్రీ తర్వాతి కోర్సే.

కానీ ఒక మాట. ఆ కోర్సు అమ్మే తీరు మీద నాకు కోపం గానీ, దాని వెనకున్న విద్య మీద లేదు. ఆట చూసేవాళ్ల గురించి జరిగే పరిశోధన నిజంగా ఆసక్తిగా ఉంటుంది. 1976లో రాబర్ట్ సియాల్డినీ అనే సైకాలజిస్టు అమెరికా యూనివర్సిటీల్లో చూశాడు, కాలేజీ జట్టు వారాంతంలో గెలిస్తే ఆ వెంటనే వచ్చే సోమవారం నాడు కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చే పిల్లలు పెరిగేవాళ్లు. గెలిస్తే "మేం", ఓడితే "వాళ్లు". మన ఇళ్లలో కూడా అంతే కదా, ఇండియా గెలిస్తే మనం గెలిచాం, ఓడితే వాళ్లు చెత్తగా ఆడారు. ఇప్పుడు దీన్ని మీ అమ్మాయి ఆట మీదకు తెచ్చి చూడండి. 2014లో ప్రో కబడ్డీ మొదలైతే మొదటి సీజన్‌ను 43 కోట్ల మందికి పైగా చూశారని లెక్కలు వచ్చాయి. 2016లో దాంతోపాటే మూడు జట్లతో ఆడవాళ్ల పోటీ పెట్టారు, మరుసటి ఏడాదికే అది లేదు. మన ఆడపిల్లలు చేతగాక కాదు, 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్ ఫైనల్ 26-25తో, ఒక్క పాయింటు తేడాతో గెలిచి బంగారం తెచ్చారు. మరి ఒక సీజన్‌తోనే ఎందుకు ఆగింది? చూసేవాళ్లు లేకనా, చూపించేవాళ్లు లేకనా, ప్రకటనలు ఇచ్చేవాళ్లు లేకనా? మ్యాట్ మీద ఆడిన పిల్ల ఈ ప్రశ్న పట్టుకుంటే బాగుంటుంది. అయితే ఇది పీహెచ్‌డీ దాకా వెళ్లే ఓపిక ఉన్నవాళ్ల దారి, త్వరగా సంపాదన కావాలంటే కుదరదు.

న్యూట్రిషన్ దగ్గరకు వస్తాను, నా మనసు ఎటు మొగ్గుతోందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో వందకు 59 మందికి రక్తహీనత ఉంది. ఆ పిల్లల్నే పొద్దున ఆరింటికి గ్రౌండ్‌లో పరిగెత్తిస్తున్నాం, ఒక టీ, రెండు బిస్కెట్లతో. తిండితో పాటు టీ తాగితే తిన్నదాంట్లో ఇనుము ఒంటికి సరిగా పట్టదని, భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా చెప్పారు. ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దని కూడా వాళ్లే చెప్పారు. మన జిల్లా స్థాయి క్యాంపుల్లో ఎంతమంది కోచ్‌లకు ఇవి తెలుసు? ఆటలో ఒంటి శక్తి ఖర్చయ్యే దానికి తగ్గట్టు తినకుండా ఆడితే, ముఖ్యంగా ఆడపిల్లల్లో, నెలసరి ఆగిపోవడం, ఎముకలు బలహీనపడటం, మాటిమాటికీ గాయాలు, వీటన్నిటినీ కలిపి 2014లో ఒలింపిక్ కమిటీ వైద్య నిపుణులు ఒక పేరు పెట్టి హెచ్చరించారు. తూకం కోసం నీళ్లు కూడా మానేసే పిల్లలకు ఇది చెప్పే మనిషి జట్టుకొకరు కావాలి, లేరు. డోపింగ్ సంగతి వేరే. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) 2022 లెక్కల్లో, రెండు వేలకు పైగా శాంపిళ్లు పరీక్షించిన దేశాల్లో పాజిటివ్ శాతం ఎక్కువున్నది మనదే. జిమ్‌లో ఎవరో ఇచ్చిన డబ్బా తిని కెరీర్ పోగొట్టుకునే పిల్లల్ని ఆపాల్సింది కూడా ఈ చదువు చదివినవాళ్లే.

చదువు వివరం చిన్నగా చెప్తాను. బైపీసీ ఉంది కాబట్టి బీఎస్సీలో న్యూట్రిషన్ ఉన్న గ్రూపు గానీ, వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ల సైఫాబాద్ కాలేజీలో కమ్యూనిటీ సైన్స్ గానీ, తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీ వైపు హోం సైన్స్ గానీ చూడండి. తర్వాత ఆ తార్నాక సంస్థలోనే ఎమ్మెస్సీ స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఉంది, ఎంట్రన్స్ రాయాలి, సీట్లు తక్కువ. ఉద్యోగాలు? గొప్పగా లేవు, దాచను. కేంద్ర ప్రభుత్వ క్రీడా సంస్థ సాయ్ కేంద్రాల్లో కాంట్రాక్టు పోస్టులు పడతాయి, కొన్ని అకాడమీలు పెట్టుకుంటాయి, చాలామంది ముందు రెండు మూడేళ్లు ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేసి ఇటు వస్తారు. అయినా నేను దీన్నే ఎందుకు చెప్తున్నానంటే, ఆటలు లేకపోయినా ఈ డిగ్రీకి ఆసుపత్రి ఉంది, బడి భోజనం ఉంది, ఫుడ్ కంపెనీ ఉంది. మీరు భయపడే నష్టం ఇందులో తక్కువ. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి ఈ వృత్తి వచ్చింది కాబట్టి ఫోన్లో కనిపించే ఆరు వారాల సర్టిఫికెట్ల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

అమెరికా గురించి రెండే మాటలు. అక్కడ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ ఎమ్మెస్ మామూలుగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సులు) కిందికి రాదు, అంటే చదువయ్యాక పని చేసుకోవడానికి దొరికేది పన్నెండు నెలలే, అప్పు తీరే గడువు అంతకు చాలా ఎక్కువ. డైటీషియన్‌గా అక్కడ రిజిస్టర్ కావాలంటే 2024 నుంచి మాస్టర్స్ తప్పనిసరి చేశారు, దాంతోపాటు వాళ్లు గుర్తించిన శిక్షణ కూడా కావాలి, మన ఎమ్మెస్సీ చూపిస్తే సరిపోదు. ఆ ఆలోచన పీజీ తర్వాత చేయొచ్చు, ఇప్పుడు దానికోసం ఎవరికీ అడ్వాన్స్ కట్టొద్దు.

ఇంకొకటి మిగిలింది, మీ అమ్మాయి "టీముల గురించి" అన్నది. మీరు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ నేను అక్కడే ఆగిపోయాను. తనకు కళ్లు తిరుగుతున్నట్టు మ్యాచ్‌కు ముందే తెలిసి ఉంటుంది కదా? ఎవరికీ ఎందుకు చెప్పలేదు? చెబితే కోచ్ తీసేస్తాడని, జట్టు ఓడితే తన వల్లే అంటారని. కబడ్డీలో పిల్లలు చేతులు పట్టుకుని చైన్ కట్టి నిలబడతారు, పక్కపిల్ల ఎప్పుడు కదులుతుందో చేతి బిగువును బట్టే తెలుస్తుంది. అంత దగ్గరగా నిలబడిన పిల్ల కూడా "నాకు బాలేదు" అని చెప్పలేకపోయింది. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ జట్ల మీద స్మిత్, స్మోల్ అనే ఇద్దరు ఏళ్ల తరబడి పనిచేశారు. తప్పు చేసిన పిల్లను తిట్టకుండా ఎలా సరిదిద్దాలి, ఎలా మాట్లాడాలి అని కోచ్‌లకు కొద్ది గంటల శిక్షణ ఇచ్చారు. 1992లో వచ్చిన ఫలితాల్లో, మామూలు కోచ్‌ల దగ్గర మరుసటి సీజన్‌కు ఆట మానేసిన పిల్లలు 26 శాతం, శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర 5 శాతం. ఇంఫాల్‌లోని జాతీయ క్రీడా యూనివర్సిటీలో స్పోర్ట్స్ సైకాలజీ ఎంఏ ఉంది, తనకు ఇది నచ్చితే అటూ వెళ్లొచ్చు, డిగ్రీలో సైకాలజీ కూడా ఒక సబ్జెక్టుగా తీసుకుంటే దారి తెరిచే ఉంటుంది.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి, ఏమీ అనుకోకండి. పిల్ల ఆకలితో పడిపోతే మీరు తిండి సరిచేయలేదు, ఆట తీసేశారు. కోచ్ దగ్గరకు వెళ్లి తూకం కోసం పిల్లల్ని పస్తులుంచుతున్నారా అని అడిగారా? డాక్టర్‌కు చూపించారా, రక్తపరీక్ష చేయించారా? ఉత్తరంలో కోర్సుల సంగతీ ఉద్యోగాల సంగతీ ఉంది గానీ పిల్ల హీమోగ్లోబిన్ ఎంతో ఒక్క ముక్క లేదు. కోచ్‌కు చెప్పుకోలేని పిల్ల, ఇంట్లో నాన్నకు చెప్పుకోగలిగిందా అని మీరే ఆలోచించండి. మీకు ప్రేమ లేదని నేననడం లేదు, భయమేసి ఆ పని చేశారు, చాలామంది తండ్రులు అదే చేస్తారు. కానీ రెండేళ్లుగా తను ఆ నోటుబుక్ దాచుకుందంటే ఆ రోజును మరచిపోలేదన్నమాట. లాంగ్ టర్మ్ మాట ఇక ఎత్తకండి.

రక్తపరీక్ష ఈ వారంలోనే చేయించండి, డిగ్రీ అప్లికేషన్ రెండు రోజులు ఆగినా ఫరవాలేదు. రిపోర్టూ నోటుబుక్కూ పట్టుకుని ఇద్దరూ హైదరాబాద్ వచ్చి నన్ను కలవండి. వచ్చేముందు దారిలో కడుపునిండా టిఫిన్ పెట్టించండి. నేను ముందు అమ్మాయితోనే మాట్లాడతాను, అంతసేపూ మీరు బయట కూర్చోవాలి.