మైదానం 'ఏర్పడింది' అని రాయకు

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివా. కష్టపడ్డావు, తెలుస్తోంది. కానీ మొదటి లైన్‌లోనే 'గంగా మైదానం ఐదు కోట్ల ఏళ్ల క్రితం ఏర్పడింది' అనేసి గోధుమ పంటలోకి వెళ్లిపోయావు, అక్కడే నా మనసు చివుక్కుమంది. అప్పుడు మొదలైంది ఇండియా ప్లేట్, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి పైపెంకు పలక, వెళ్లి ఆసియాని గుద్దుకోవడం, మైదానం కాదు. ఆ నెట్టుడు ఇవాళ్టికీ ఆగలేదు, మైదానం ఇంకా తయారవుతూనే ఉంది.

ఆ గుద్దుడుకి లేచిన హిమాలయాల బరువుకి ముందున్న నేల కిందికి వంగింది, కుక్కిమంచం మీద ఒక పక్కన బరువైన మనిషి కూర్చుంటే ఆ చుట్టూ కుంగినట్టు. ఆ పల్లంలో గంగ, గండక్, కోసి నదులు కొండల్ని అరగదీసి మట్టి పోస్తూ వచ్చాయి. కొండల దగ్గర్లో ఆ మట్టి కొన్ని కిలోమీటర్ల మందం. నేల కుంగుతూ చోటిస్తోంది కాబట్టే అంత పట్టింది, అసలు ముక్క ఇదే, నువ్వు వదిలేసింది కూడా ఇదే.

కోట్ల ఏళ్లు అంటే చదివేవాళ్లకి ఏమీ కనపడదు. కోసిని పట్టుకో. కొండ దిగగానే వాలు తగ్గి మోసుకొచ్చిన ఇసుకంతా దించేస్తుంది, అడుగు మేట వేసి పైకి లేస్తుంది, ఇక పక్కన ఎక్కడ పల్లముంటే అటు తిరుగుతుంది. అలా రెండొందల ఏళ్లకి పైగా కాలంలో దాదాపు 120 కిలోమీటర్లు పడమరకి జరిగింది. తర్వాత గట్లు కట్టారు, మేట గట్ల మధ్యే పేరుకుంది. 2008 ఆగస్టు 18న నేపాల్లో కుసహా దగ్గర గండి పడింది. 9 లక్షల క్యూసెక్కుల పైన తట్టుకోవాలని కట్టిన చోట ఆ రోజున్నవి లక్షన్నర కూడా లేవు. అయినా నది తూర్పున తన పాత దారుల్లోకి వెళ్లిపోయింది, బీహార్లో లక్షల మంది నీళ్లలో చిక్కుకున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ నెట్టుడు వల్లే వచ్చే భూకంపాన్ని కూడా వదలకు. 1950 ఆగస్టు 15న అస్సాంలో 8.6 తీవ్రతతో వచ్చింది, కొండచరియలు విరిగి నదుల్లో పడ్డాయి, ఆ మట్టికి బ్రహ్మపుత్ర అడుగు లేచింది, దిబ్రూగఢ్ ఊరు చాలావరకు కోతకి పోయింది.

ఇంకోటి, 'అవక్షేపాలు' అని పదకొండు చోట్ల రాశావు. ఒండ్రు, మేట, గండి, లంక, పాయ, ఇన్ని మాటలు మన గోదావరి వాళ్ల నోట్లో ఉండగా అదెందుకు? వరద తీశాక ఏదైనా లంకకి వెళ్లి ఒడ్డు కోసుకుపోయిన చోట నిలబడు. పొరలు కనిపిస్తాయి. ఒక పొర చేతిలోకి తీస్తే గరగరా జారిపోతుంది, అది నీళ్లు ఉరుకుతూ వచ్చినప్పటి ఇసుక, దాని పైపొర వేళ్లకి జిగురుగా అంటుకుంటుంది, అది నీళ్లు నిలిచాక నెమ్మదిగా దిగిన ఒండ్రు. అది చూసొచ్చి రాయి.

కుసహా గండితో మొదలెట్టి పంపు, గోధుమలు చివరికి జరిపేయ్. వచ్చే ఆదివారం ఖాళీగానే ఉంటా.

ప్రేమతో,
అక్క