టెన్త్ పిల్లల రివిజన్‌కి ఏమీ తెల్వని అమ్మే నయం

"మా బాబు టెన్త్, పొద్దస్తమానం పుస్తకం ముందే ఉంటడు, పరీక్షలో మాత్రం ఏమీ గుర్తుకు రాలేదంటడు, నేనేమో పెద్దగా చదువుకోలేదు, రివిజన్ ఎట్లా చేయించాలి" అని అడిగిన అక్కకి చెప్తున్న. అక్కా, మీరు పెద్దగా చదువుకోకపోవుడే మీ బాబుకి ప్లస్సు. జోక్ కాదు, మా ఇంట్లో చూసిన.

నేను ఇంటర్ సీఈసీ, అంటే సైన్సు లేని గ్రూపు, హన్మకొండలో ఇంట్లోనే బ్లౌజులు కుడత. మా పాప 2025 మార్చిలో టెన్త్ రాసింది, ఇంగ్లిష్ మీడియం. సైన్సు నేను ఎప్పుడో తెలుగు మీడియంలో చదివి అక్కడే వదిలేసి వచ్చిన.

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం అనుకుంట. సాయంత్రం నేను జొన్నరొట్టెలు చేస్తున్న, పాప వంటింటి గడప దగ్గర కూర్చుని బయాలజీ చదువుతుంది. చదువుడు అంటే ఏంది, పసుపు హైలైటర్, పింకు హైలైటర్, పచ్చది, పేజీ మొత్తం హోలీ ఆడినట్టు ఉంది, రంగు పడని లైను వెతికినా దొరకదు. "హార్ట్ మూడోసారి కంప్లీట్ మమ్మీ" అన్నది. సరే అని పుస్తకం గుంజుకుని, రొట్టె చేసే బండ మీద పొడిపిండి చల్లి, ఇందులో వేలితో గుండె బొమ్మ గీసి రక్తం ఎటు నుంచి వచ్చి ఎటు పోతదో చెప్పు అన్న.

నాలుగు గదులు గీసింది, బానే ఉంది. "రైట్ ఏట్రియంలోకి, అంటే కుడి పై గదిలోకి, ఒంట్లోని చెడు రక్తం, అదే ఆక్సిజన్ తక్కువున్నది, వస్తది, కింద రైట్ వెంట్రికల్ అనే కింది గదిలోకి దిగుతది, అక్కడి నుంచీ..." అని ఆగింది. ఫ్యాన్ దిక్కు చూసింది, గోడ దిక్కు చూసింది. "ఇప్పుడే చదివిన మమ్మీ, పేజీలో కింద ఉంటది, పింకులో గీసిన" అన్నది. పింకులో గీసిన సంగతి గుర్తుంది, ఆ గీసిన లైన్లో ఏముందో గుర్తులేదు!

నాకు ఏమీ తెల్వదు కదా, పుస్తకంలో బొమ్మ చూసి నోటికొచ్చింది అడగుడు మొదలుపెట్టిన. ఇందులో ఎడమ అని రాసింది కుడి దిక్కు ఎందుకుంది? అంటే మనిషి మనకు ఎదురుగా నిలబడ్డట్టు చూడాలె మమ్మీ అన్నది, సరే. ఇక్కడ ఎడమ వెంట్రికల్ గోడ లావుగా ఉంది, నువ్వు రెండూ ఒక్కతీరు గీసినవేంది? దానికి జవాబు లేదు. ఆర్టరీ అంటే మంచి రక్తం పోయే నాళం అంటివి, మరి ఈ పల్మనరీ ఆర్టరీలో చెడు రక్తం అని ఉందేంది, పుస్తకం తప్పా? అప్పటికి రొట్టె పెనం మీద మాడిపోయింది, ఇల్లంతా వాసన. పాపకు కోపమొచ్చి పిండి అంతా చేత్తో తుడిచేసి, "నీకు తెల్వదు, ఊకో" అని లోపలికి పోయింది.

తెల్లారి నేను పళ్లు తోముకుంటుంటే వెనక వచ్చి నిలబడి, ఆర్టరీ అంటే మంచి రక్తమని కాదు మమ్మీ, గుండె నుంచి బయటికి తీసుకపోయేది ఏదైనా ఆర్టరీనే, అది ఊపిరితిత్తులకు పోతది కాబట్టి అందులో చెడు రక్తం ఉంటది, ఇంకా ఎడమ దిక్కుది ఒళ్లంతటికీ రక్తం కొట్టాలి కాబట్టి గోడ మందం అని గడగడా చెప్పింది. రాత్రి మళ్లీ లేచి చూసుకున్నదట. అది ఇంక మరిచిపోలే.

అదే మా ఆయనను అడిగితే ఏం చేస్తడో తెలుసా? ఆయన బీఎస్సీ. పాప తడబడంగనే ఇటు తే అని పెన్ను గుంజుకుని నలభై నిమిషాలు ఆయనే చెప్తడు. పాప తల ఊపుతది, అర్థమైందా అంటే అర్థమైంది డాడీ అంటది, ఆయనకు సంతోషం. రివిజన్ ఎవరికైంది, ఆయనకు అయింది. నేను కుట్టు నేర్చుకున్నప్పుడు కూడా ఇంతే, టీచర్ పేపర్ మీద కటింగ్ గీస్తుంటే మూడు నెలలు చూసి అంతా వచ్చిందనుకున్న, గుడ్డ మీద కత్తెర పెట్టినంక చంక దగ్గర ఆగిపోయిన, మీటరు గుడ్డ ఆగం.

ఆ రోజు నుంచి మేం చేసిందల్లా, పుస్తకం నా చేతిలో, నోరు పాపది. నేను హెమ్మింగ్ చేస్తూ అడుగుత, రానిది నా పాత కొలతల బుక్కులో ఒకరి నడుము, ఇంకొకరి చేతి పొడవు మధ్యలో రాసుకుంట, పక్కన తేదీ. మూడు రోజులకు మళ్లీ అడుగుత, తర్వాత వారానికి, మూడుసార్లు కరెక్టుగా చెప్తే కొట్టేస్త. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన 1885లోనే, అర్థంపర్థం లేని అక్షరాలు తనే బట్టీ పట్టి, ఎన్ని రోజులకు ఎంత మరిచిపోతున్నడో లెక్క రాసిండని మా ఆయన తర్వాత చెప్పిండు. అదేదో ముందే చెప్తే హైలైటర్ల పైసలు మిగిలేవి కదా.

లెక్కలకు ఇది పనిచెయ్యదు, నేనేం అడుగుత. చేసిన లెక్క మూసి పెట్టి మళ్లీ తెల్ల కాగితం మీద చెయ్యమనుడే. చేస్తే చేసింది, లేకపోతే ఆ లెక్క నంబరు కూడా బుక్కులోకి.

ఇంకోటి, ఈ స్కూళ్లు. పొద్దున ఎనిమిదింటికి పోతే రాత్రి ఎనిమిదింటికి వదులుతరు, స్టడీ అవర్స్ అంట. యాభై మంది ఒక్క గదిలో గుంపుగా పైకి చదువుతుంటే ఎవరికేం ఎక్కుతది, పక్కోడి ఆన్సర్ చెవిలో పడతది అంతే. ఇంటికొచ్చేసరికి పిల్ల సగం నిద్రలో ఉంటది. నేను పోయి అడిగితే "మా రిజల్ట్స్ చూడండి మేడం" అన్నరు. ఇక ఫోన్లో 'ఈ పది ప్రశ్నలు వస్తే పాస్ గ్యారంటీ' వీడియోలు, చుట్టాల ఫోన్లు. గ్రేడు పాయింట్లు (జీపీఏ) తీసేసి మార్కులు పెట్టిన మొదటి సంవత్సరం మాదే, దాంతో మా ఆడబిడ్డకు చేతినిండా పని, ఎన్నొస్తయి అని పరీక్ష రాయకముందే అడుగుడు.

పరీక్షలకు పది రోజుల ముందు నుంచి కొత్త పాఠం ఏదీ ముట్టుకోనియ్యలే. బయాలజీ మాకు గంటన్నర పేపరు, 40 మార్కులు, కాబట్టి పొద్దున తొమ్మిదిన్నరకే కూర్చోబెట్టి పాత పేపర్లు రాయించిన, పదకొండు కాంగనే గుంజుకున్న. మొదటిసారి రెండు ప్రశ్నలు మిగిలినయి, ఏడ్చింది. రాత్రి పదింటికి లైటు బందు, ఇందులో మాత్రం బేరం లేదు.

మార్చి 29న బయాలజీ అయింది, మర్నాడే ఉగాది. సెంటర్ గేటు దగ్గర నిలబడ్డ, బయటికొస్తూనే "హార్ట్ రాలే మమ్మీ" అన్నది. అయ్యో అన్న. "మిగిలినయి మొత్తం రాసిన" అని నా సంచిలో నుంచి వాటర్ బాటిల్ గుంజుకుని ఆటో దిక్కు పోయింది.

ఇప్పుడు ఇంటర్ బైపీసీ, హాస్టల్‌లో ఉంది. మొన్న రాత్రి ఫోన్ చేసి, జువాలజీ టెస్ట్ ఉంది, ప్రశ్నలు ఫొటో పెట్టిన, ఏమీ తెల్వనట్టు అడుగు మమ్మీ అన్నది. తెల్వనట్టు ఏందే, నాకు నిజంగనే తెల్వదు కదా అన్న.